మరచిన పాస్‌వర్డు – మనం నేర్చుకోవలసిన పాఠం
(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా నందిగామలో జరిగిన సభలో ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబర్ 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం డి.యస్. నకారా కేసులో తీర్పు ఇచ్చింది. 1979 మార్చి 31 అనే ఒక గీత గీసి, దానికి ముందు రిటైరైనవారికి ఒక లెక్క, తరువాత రిటైరైనవారికి మరొక లెక్క అనడం చెల్లదని చెప్పింది. పెన్షను అనేది దయతో వేసే భిక్ష కాదని, చేసిన సేవకు దక్కే హక్కు అని నిర్ధారించింది. అంత పెద్ద విషయం గురించి మాట్లాడవలసిన రోజున, ఈయనేమిటి పాత లాప్‌టాప్ గురించి, మరచిపోయిన పాస్‌వర్డు గురించి మాట్లాడతానంటున్నాడని మీలో కొందరు అనుకోవచ్చు. రెంటికీ సంబంధం ఉన్నదని మనవి చేసుకుంటున్నాను.

నేను ఉద్యోగంలో చేరిన నాటికి తాలూకా ఆఫీసులు. 1985లో మండలాలు వచ్చాయి. ఆ రోజుల్లో మన హక్కులన్నీ కాగితం మీద ఉండేవి. సర్వీసు రిజిస్టరు బీరువాలో ఉండేది. బీరువా తాళం హెడ్ క్లర్కు మొలలో ఉండేది. తాళంచెవి పోతే తాళాలు బాగుచేసేవాడిని పిలిచేవాళ్ళం, పంచనామా రాసి పగలగొట్టేవాళ్ళం. 1998లో రిజిస్ట్రేషన్ శాఖలో కార్డ్ పథకం కింద కంప్యూటర్లు వచ్చినప్పుడు, ఇది మన దాకా వచ్చేసరికి మనం రిటైరైపోతాం లెమ్మని నవ్వుకున్నవాళ్ళం మనమే. నేను 2008లో 58 ఏళ్ళకు రిటైరయ్యాను. ఆరేళ్ళు తిరక్కుండానే, 2014 నవంబర్ 10న కేంద్ర ప్రభుత్వం జీవన్ ప్రమాణ్ ప్రారంభించింది. మనం బ్రతికే ఉన్నామని వేలిముద్ర చూసి కంప్యూటరు ఒప్పుకోవడం మొదలైంది. 2021 నుంచి ముఖం చూసి కూడా ఒప్పుకుంటున్నది. అంటే నకారాగారు కోర్టులో గెలిచి ఇచ్చిన హక్కు, ఇవాళ ఒక తెర వెనుక ఉన్నది. ఆ తెరకు ఒక తాళం ఉన్నది. ఆ తాళం పేరే పాస్‌వర్డు.

ఇక అసలు విషయం.

మన సంఘ సభ్యులొకరు జగ్గయ్యపేట వాస్తవ్యులు. పేరు చెప్పడం వారి కుటుంబానికి ఇష్టం లేదు గనుక చెప్పను. ఆయన చాలా పద్ధతి గల మనిషి. విజయవాడలో ఒక దుకాణంలో 14 వేలకు ఒక పాత లాప్‌టాప్ కొన్నారు. మూడేళ్ళు దాని మీద కూర్చుని మూడు పనులు చేశారు. మొదటిది, మన ప్రాంతంలో కుటుంబ పెన్షను పొందుతున్న ఆడవాళ్ళ జాబితా, వారి పి.పి.ఓ. నంబర్లు, ఎవరికి ఏ బకాయి రావాలి అనే వివరం తయారు చేశారు. రెండవది, తన సొంత పెన్షను కాగితాలన్నీ స్కాన్ చేసి పెట్టుకున్నారు. మూడవది, హైదరాబాదులో ఉన్న మనవలకోసం తన చిన్ననాటి కబుర్లు తన గొంతుతో రికార్డు చేశారు. ఈ మూడో సంగతి ఆయన భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

గత సంవత్సరం ఆయన హఠాత్తుగా కాలం చేశారు. నెల మాసికం అయిన తరువాత ఆమె ఆ లాప్‌టాప్‌ను చీరకొంగుతో తుడిచి, సంచిలో పెట్టుకుని, బస్సెక్కి నా దగ్గరకు తెచ్చారు.

"అన్నయ్యగారూ, కుటుంబ పెన్షను కాగితాల్లో నా పేరు ఒకచోట ఒకలా, ఇంకొకచోట ఇంకోలా పడిందట. సరైన కాగితం ఇందులో ఉందని ఆయన చెప్పేవారు. ఇది తెరుచుకోవడం లేదు" అన్నారు.

"డైరీలో ఏమైనా రాశారా చెల్లెమ్మా?" అని అడిగాను.

డైరీ తెచ్చారు. గ్యాస్ నంబరు, కరెంటు మీటరు నంబరు, బ్యాంకు ఖాతా నంబరు అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నాయి. లాప్‌టాప్ అని రాసిన చోట మాత్రం రెండే మాటలు: "పాస్‌వర్డు – పాతదే."

ఏ పాతదో రాసిన మనిషికి తెలుసు. మనకెలా తెలుస్తుంది? పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, పి.పి.ఓ. నంబరు, ఇంటి నంబరు అన్నీ వేసి చూశాం. తెర ఒప్పుకోలేదు. బజారులో ఒక దుకాణంలో అడిగితే, "పదిహేను వందలివ్వండి, మొత్తం చెరిపేసి కొత్తగా విండోస్ వేసిస్తాం" అన్నారు. లోపలివి ఏమవుతాయంటే, పోతాయన్నారు. వారు నిజమే చెప్పారు, అందులో తప్పు లేదు. కాని యంత్రం బాగుపడి, అందులోని మనిషి పోయే వైద్యం అది. చెల్లెమ్మ ముఖం చూసి నేను వద్దన్నాను.

మన మరొక సభ్యుని మనవడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. అతన్ని పిలిపించాం. ముందుగా ఆమె చేత ఒక తెల్లకాగితం మీద, "ఇది నా భర్త వస్తువు, నా సమక్షంలో, నా కోరికపై తెరవడానికి ప్రయత్నిస్తున్నారు" అని రాయించి, సంతకం పెట్టించి, తేదీ వేయించాను. పిల్లలిద్దరికీ ఫోను చేసి వారి సమ్మతి కూడా అడిగాను. ఆ అబ్బాయి, "ఇదంతా ఎందుకు తాతగారూ?" అన్నాడు. "ఒకరి పెట్టె ఇంకొకరు తెరిచేటప్పుడు కాగితం ఉండాలి బాబూ" అన్నాను. ఆఫీసు అలవాటు ఊరికే పోదు గదా!

ఆ అబ్బాయి ఒక తప్పు పాస్‌వర్డు వేసి చూపించాడు. కింద చిన్న అక్షరాలతో పాస్‌వర్డును మార్చుకొమ్మని ఒక వరుస వచ్చింది. దాన్ని నొక్కితే మూడు ప్రశ్నలు అడిగింది. విండోస్ 10లో 2018 నుంచి ఈ సదుపాయం ఉన్నది. ఇంటర్నెట్ ఖాతాతో ముడిపెట్టకుండా ఆ యంత్రం వరకే పెట్టుకున్న ఖాతా అయితే, పెట్టుకునేటప్పుడే మూడు ప్రశ్నలకు జవాబులు రాయించుకుంటుంది. అందులో ఉండే ప్రశ్నలు విచిత్రంగా ఉంటాయి. మీ అమ్మానాన్నలు మొదట కలుసుకున్న ఊరు ఏది అని ఒక ప్రశ్న. మన అమ్మానాన్నలు మొదట కలుసుకున్నది పెళ్ళిపీటల మీదే కదా! అదృష్టవశాత్తు మన మిత్రుడు ఆ ప్రశ్న తీసుకోలేదు. ఆయన ఎంచుకున్న మూడు ఇవి: చిన్నప్పుడు ముద్దుపేరు ఏది, మొదట చదివిన బడి ఏది, పుట్టిన ఊరు ఏది.

ముద్దుపేరు చెల్లెమ్మ చెప్పారు. అత్తగారు పిలిచేదట. నలభై ఏళ్ళ తరువాత ఆ పేరు ఆమె నోట వినడం అదే మొదటిసారి. సభలో ఆ పేరు చెప్పడం మర్యాద కాదు. బడి అంటే బోర్డు స్కూలు. మిగిలింది పుట్టిన ఊరు. జగ్గయ్యపేట. ఎంత తేలిక అనుకున్నాం. ఒప్పుకోలేదు.

జగ్గయ్యపేటను ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో మీలో ఎవరైనా లెక్కపెట్టారా? మధ్యలో "వై" అక్షరాలు రెండు పెట్టి రాసేవారు కొందరు. "ఐ, ఏ, హెచ్" అని రాసేవారు కొందరు. చివర "ఏ" పెట్టేవారు కొందరు, పెట్టనివారు కొందరు. బస్సు బోర్డు మీద ఒకటి, ఆఫీసు బోర్డు మీద ఒకటి. మన ఊరి పేరు మనకే ఒక తాళమైంది. మూడింటిలో ఏ జవాబు తప్పో యంత్రం చెప్పదు. మూడూ కలిపి తప్పు అంటుంది.

అప్పుడు నాకొక ఆలోచన తట్టింది. మనిషి తన ఊరి పేరును తాను ఎలా రాస్తాడనేది ఉద్యోగంలో చేరిన రోజున ఖాయమైపోతుంది. సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలో పేరు, తండ్రి పేరు, నివాసం, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు ఉంటాయి. ఆ పేజీ జిరాక్సు ఆయన తన ఫైల్లో దాచుకున్నారు. చెల్లెమ్మ తెచ్చి ఇచ్చారు. ఆ పేజీలో ఆయన సొంత దస్తూరీతో ఊరి పేరు "ఐ, ఏ, హెచ్"తో ఉన్నది, చివర "ఏ" లేదు. అక్షరం పొల్లుపోకుండా అదే కొట్టాం. తెర తెరుచుకున్నది. కొత్త పాస్‌వర్డు చెల్లెమ్మే పెట్టుకున్నారు. మేమిద్దరం తలలు అటు తిప్పుకున్నాం.

కాగితం దొరికింది. జాబితా దొరికింది. ఆయన గొంతు దొరికింది. అది వినేటప్పుడు ఆమె ఒక్కరే ఉండాలని మేము వరండాలోకి వచ్చాం.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. ఆ యంత్రంలో రెండవ ఖాతా ఒకటి ఉన్నది. ఎవరో అమ్మాయి పేరు. అంటే దుకాణానికి అమ్మిన మొదటి యజమాని. ఆ అమ్మాయి ఫోటోలు, మార్కుల పత్రాలు తుడిచివేయకుండానే అది చేతులు మారింది. మన మిత్రుడు మూడేళ్ళూ దాని జోలికి పోలేదు. మేమూ తెరవలేదు. పాత బిల్లు మీదున్న నంబరుకు ఫోను చేసి, దుకాణం వారి ద్వారా ఆ అమ్మాయికి కబురు చేశాం. ఆమె మాకు ఫోను చేసి, "నావన్నీ నా దగ్గర ఉన్నాయండీ, దయచేసి తీసేయండి" అన్నది. ముందుగా మన మిత్రుడివి రెండు పెన్‌డ్రైవుల్లో ఎక్కించి, ఒకటి చెల్లెమ్మకు, ఒకటి కొడుకుకు ఇచ్చి, తరువాత యంత్రం మొత్తం తుడిచాం. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో సాధారణ మద్దతు ముగిసింది. ఆ పాత యంత్రం విండోస్ 11కు సరిపోదు. అందుచేత ఆ అబ్బాయి దానిలో ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేశాడు. తెలుగు బాగానే కనబడుతున్నది, కొట్టడానికీ వీలుగా ఉన్నది. ఇప్పుడు ఆ కుటుంబ పెన్షనర్ల జాబితాను మన చెల్లెమ్మే స్వయంగా కొనసాగిస్తున్నారు. ఆమె ఈ సభలోనే ఉన్నారు. చప్పట్లు ఆమెకు ఇవ్వండి.

సభ్యులారా, ఇది బాగా ముగిసిన కేసు. అన్నీ ఇలా ముగియవు. అందుచేత ఆ అబ్బాయి దగ్గర, ఇతరుల దగ్గర నేర్చుకున్నది మీకు సులువుగా చెబుతాను.

కంప్యూటరు తాళాలు మూడు రకాలు. వీధి తలుపు తాళం, గది తాళం, ఇనప్పెట్టె తాళం అనుకోండి.

వీధి తలుపు తాళం అంటే, మీట నొక్కగానే, విండోస్ బొమ్మ రాకముందే నల్లని తెర మీద అడిగే పాస్‌వర్డు. దీన్ని బయోస్ పాస్‌వర్డు అంటారు. పాతకాలపు పెద్ద కంప్యూటర్లలో లోపలి చిన్న బ్యాటరీ తీసి పెడితే ఇది పోయేది. ఇప్పటి చాలా లాప్‌టాప్‌లలో అలా పోదు. కంపెనీ వారు కొన్న బిల్లు అడుగుతారు. కొన్ని రకాల్లో మదర్‌బోర్డే మార్చవలసి వస్తుంది. పాత వస్తువు కొనేటప్పుడు ఈ తాళం కనబడితే బేరం మానుకోండి.

గది తాళం అంటే విండోస్ అడిగే పాస్‌వర్డు. ఇది రెండు విధాలు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో ముడిపడి ఉంటే, వేరే ఫోను నుంచి కూడా మార్చుకోవచ్చు. ఖాతాకు ఇచ్చిన ఫోను నంబరుకో, ఈ-మెయిలుకో సంకేతం వస్తుంది. ఆ యంత్రం వరకే ఉన్న ఖాతా అయితే, ఇందాక చెప్పిన మూడు ప్రశ్నలు. అవీ కుదరకపోతే, లోపలి డిస్కుకు రహస్య లిపి వేసి లేనప్పుడు, పెన్‌డ్రైవు నుంచి లినక్స్ నడిపి ముందు ఫైళ్ళు బయటికి తీసుకుని, ఆ తరువాత యంత్రాన్ని తుడిచి మొదటినుంచి మొదలుపెట్టవచ్చు. ఈ వరుస గుర్తుంచుకోండి: ముందు ఫైళ్ళు, తరువాత తుడవడం. దుకాణంలో ఇచ్చేముందు ఈ ఒక్కమాట కాగితం మీద రాసి ఇవ్వండి.

ఇనప్పెట్టె తాళం అంటే డిస్కులోని ప్రతి అక్షరాన్నీ రహస్య లిపిలోకి మార్చి ఉంచడం. విండోస్‌లో దీని పేరు బిట్‌లాకర్. దీనికి 48 అంకెల తాళంచెవి ఉంటుంది. చాలాసార్లు అది యజమాని మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచబడి ఉంటుంది. అది దొరికితే సరి. దొరకకపోతే లోపలివి తీయడం ఎవరి తరమూ కాదు. తీసి ఇస్తామని ముందే డబ్బు అడిగేవారిని నమ్మవద్దు.

పాత లాప్‌టాప్ కొనేవారికి మరి నాలుగు మాటలు. బిల్లు లేకుండా కొనకండి. దుకాణంలోనే మీ ఎదుట తుడిపించి, మీ పేరుతో ఖాతా పెట్టించుకోండి. తుడిచిన తరువాత మొదలుపెట్టేటప్పుడు ఏదైనా కంపెనీ పేరు తెరమీద వస్తే, అది ఇంకా ఆ ఆఫీసు లెక్కలోనే ఉన్నదని అర్థం. ఆపిల్ యంత్రమైతే పాత యజమాని తన ఖాతా నుంచి తొలగించేదాకా అది మీది కాదు. ఇది చాదస్తం కాదు, చట్టం. దొంగ సొత్తు అని తెలిసి, లేక అలా నమ్మడానికి కారణం ఉండి, దురుద్దేశంతో పుచ్చుకుంటే మూడేళ్ళ దాకా జైలుశిక్ష అని పాత శిక్షాస్మృతి 411వ సెక్షనులో ఉండేది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 317వ సెక్షను. అలాగే యజమాని అనుమతి లేకుండా ఒకరి కంప్యూటరులోకి చొరబడడం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43, 66 సెక్షన్ల కిందికి వస్తుంది. నేను తెల్లకాగితం ఎందుకు రాయించానో ఆ అబ్బాయికి ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

ఈ పాస్‌వర్డు అనే తద్దినం ఎవరు పెట్టారని మీకు సందేహం రావచ్చు. 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కార్బటో అనే శాస్త్రజ్ఞుడు, ఒకే కంప్యూటరును పలువురు పంచుకునే ఏర్పాటు చేశారు. ఎవరి ఫైళ్ళు వారికి, ఎవరి సమయం వారికి ఉండాలని ఒక్కొక్కరికి ఒక రహస్యపు మాట ఇచ్చారు. మరుసటి సంవత్సరమే అలన్ షెర్ అనే విద్యార్థి, తనకిచ్చిన సమయం చాలక, పాస్‌వర్డుల జాబితా మొత్తాన్ని అచ్చు తీయించుకున్నాడు. 1966లో పొరపాటున ఆ జాబితా లోపలికి వచ్చిన ప్రతివారి తెరమీదా కనబడింది. అంటే పాస్‌వర్డు పుట్టిననాడే దాని కష్టాలూ పుట్టాయి. కార్బటోగారికి 1990లో ట్యూరింగ్ బహుమతి వచ్చింది. 2019లో కాలం చేశారు.

పెద్దక్షరం ఉండాలి, చిన్నక్షరం ఉండాలి, అంకె ఉండాలి, చుక్కో నక్షత్రమో ఉండాలి, తరచూ మార్చాలి అని మనల్ని వేధించే నిబంధనలకు మూలం 2003లో అమెరికా ప్రమాణాల సంస్థలో బిల్ బర్ అనే ఉద్యోగి రాసిన ఒక పత్రం. రిటైరైన తరువాత 2017లో ఆయనే, తాను రాసిన దానిలో చాలా భాగానికి విచారిస్తున్నానని చెప్పారు. అదే ఏడు ఆ సంస్థ నిబంధనలు మార్చింది. చిక్కు అక్షరాల కంటే పొడవైన పదబంధం మేలని, దొంగల చేతిలో పడితే తప్ప ఊరికే మార్చనక్కరలేదని చెప్పింది. కాబట్టి మీకు మాత్రమే గుర్తుండే నాలుగైదు మాటలు కలిపి పెట్టుకోండి. మునిమనవరాలి పేరు, పుట్టిన సంవత్సరం మాత్రం వద్దు. అది వీధిలో అందరికీ తెలుసు.

ఇక మన పద్ధతిలో ఒక ఉపాయం చెబుతాను. ట్రెజరీలో పనిచేసినవారు ఇక్కడ ఉన్నారు. స్ట్రాంగ్ రూముకు డబుల్ లాక్ ఉండేది. రెండు తాళంచెవులు ఇద్దరి దగ్గర. ఏ ఒక్కరూ ఒంటరిగా తెరవలేరు. నకలు తాళంచెవులు సీలు వేసి వేరేచోట భద్రపరిచేవారు. బదిలీ అయితే చార్జి లిస్టు రాసి, ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు సంతకాలు పెట్టేవారు. నలభై ఏళ్ళు ప్రభుత్వం సొమ్ముకు అంత జాగ్రత్త చేసిన మనం, మన ఇంటి సొమ్ముకు చార్జి లిస్టు రాయకుండా వెళ్ళిపోతే ఎలా?

ఒక కవరు తీసుకోండి. లోపల ఒక కాగితం మీద లాప్‌టాప్ పాస్‌వర్డు, ఫోను తెరిచే అంకెలు, ఈ-మెయిలు పేరు, పాస్‌వర్డు, ఆ మూడు ప్రశ్నలకు మీరు రాసిన జవాబులు అక్షరం అక్షరం రాయండి. ఊరి పేరు ఏ స్పెల్లింగుతో రాశారో తప్పక రాయండి. బ్యాంకు పాస్‌వర్డు, ఏ.టి.ఎం. అంకెలు మాత్రం రాయవద్దు. బ్యాంకు సొమ్ముకు నామినీ ఉంటే చాలు. కవరు అంటించి, అడ్డంగా సంతకం చేసి, ఎక్కడున్నదో ఇంట్లో ఇద్దరికి చెప్పండి. పాస్‌వర్డు మార్చినప్పుడల్లా కవరు మార్చండి. "పాతదే" అని రాయకండి.

గూగుల్ ఖాతా ఉన్నవారు, మీరు కొంతకాలం వాడకపోతే ఫలానావారికి ఇవ్వమని ముందే చెప్పిపెట్టవచ్చు. 2013 నుంచి ఆ ఏర్పాటు ఉన్నది. ఆపిల్ వారు 2021లో వారసుల పేరు నమోదు చేసుకునే వీలు తెచ్చారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 14వ సెక్షను కూడా, మన తదనంతరం మన వివరాల విషయంలో వ్యవహరించడానికి ఒకరిని నామినేట్ చేసే హక్కు ఇస్తున్నది. ఈ చట్టం దశలవారీగా అమలులోకి వస్తున్నది.

ఇంకొక ముఖ్య విషయం. ఇంటి పెద్ద కాలం చేయగానే ఆయన ఫోను పక్కన పడేస్తారు. వరుసగా 90 రోజులు వాడకపోతే ప్రీపెయిడ్ నంబరు రద్దు కావచ్చు. ఆ తరువాత అది మరొకరికి పోతుంది. పాస్‌వర్డు మార్చే సంకేతాలు, బ్యాంకు కబుర్లు వచ్చేది ఆ నంబరుకే. కనుక మరణ ధృవపత్రంతో ఆ నంబరును కుటుంబ సభ్యుల పేర మార్పించుకోండి. ఎవరైనా ఫోను చేసి, లైఫ్ సర్టిఫికెట్ మేము చేసిపెడతాం, ఓ.టి.పి. చెప్పండి అంటే చెప్పకండి. మోసపోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి.

చివరిగా మన ప్రాంతపు మాట ఒకటి. జగ్గయ్యపేట పూర్వనామం బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు తమ తండ్రి జగ్గయ్యగారి పేర దానికి ఈ పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4 వరకు మనం కృష్ణా జిల్లా, ఇప్పుడు ఎన్.టి.ఆర్. జిల్లా. పేర్లు మారుతూనే ఉంటాయి. ఊరి పక్క కొండమీద బౌద్ధ స్థూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ దొర తవ్వించారు. అక్కడ దొరికిన రాతి స్తంభాల మీద, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే ఒక శిల్పి, తన ఇంటివారందరి పేర్లతో చెక్కించిన శాసనం ఉన్నది. ఆ శిల్పి ఏదీ దాచుకోలేదు. రాతిమీద, బహిరంగంగా చెక్కాడు. అయినా ఆ బ్రాహ్మీ లిపిని చదవడమే జనం మరచిపోయారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపిని ఛేదించిన తరువాతనే ఇటువంటి శాసనాలు చదవడం సాధ్యమయింది. అంటే రాసి పెట్టడం ఒక్కటే చాలదు. చదవగలిగినవారిని కూడా వెనుక ఉంచి వెళ్ళాలి. మన మిత్రుడి కబుర్లు ఇవాళ హైదరాబాదులో మనవలు వింటున్నారంటే, ఆయన ముద్దుపేరు గుర్తుపెట్టుకున్న మనిషి ఒకరు ఇంట్లో ఉన్నందువల్లనే.

కాబట్టి ఈ సభ ముందు రెండు ప్రతిపాదనలు ఉంచుతున్నాను. ఒకటి, వచ్చే జనవరి లోపల ప్రతి సభ్యుడూ, ప్రతి సభ్యురాలూ ఆ కవరు తయారు చేసుకోవాలి. రెండు, నెలకొక రోజు మన సంఘ కార్యాలయంలో చదువుకున్న పిల్లలను కూర్చోబెట్టి, ఫోనులు, లాప్‌టాప్‌ల విషయంలో పెద్దలకు ఉచితంగా సాయం చేయించాలి. సాయం చేసే పిల్లలు మన పాస్‌వర్డులు అడగకూడదు, మనం చెప్పకూడదు. ఈ రెండూ తీర్మానాలుగా ఆమోదించవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతున్నాను.

 భోజనాలు సిద్ధంగా ఉన్నాయని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. సెలవు.